రోడ్డు దాటిన జీను

వెల్డన్ ఊళ్ళో దారి చూపే కుక్కల బడిలో పొద్దున లేస్తే మొదటి పని ఒకటే. చూపులేని మనుషులంతా కోట్లు తొడుక్కుని పెరట్లో గుండ్రంగా నిలబడతారు. ఎవరి కుక్క గొలుసు వాళ్ళు పట్టుకుని, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, కుక్కలు తమ పని కానిచ్చేదాకా ఎదురుచూస్తారు. మార్చి నెల. మంచు సగం కరిగి సగం బురదై బూట్ల కింద చపచపమంటోంది. చూరు మీంచి నీళ్ళు ఒక్కో బొట్టూ, ఎవరో ఏడుపు ఆపుకోబోయి ఆపుకోలేనట్టు, ఆగి ఆగి పడుతున్నాయి.

"కానియ్యవే," అంది వెర్నా పళ్ళు బిగించి. "నీ కోసం నా వేళ్ళు ఊడిపోవాలా?"

టాన్సీ కానివ్వలేదు. నల్ల లాబ్రడార్ అది. బడిలో ఇంతకంటే తెలివైన కుక్క ఈ ఏడు తయారవలేదని అందరూ అనుకుంటారు. వెర్నా గొలుసు పట్టుకుంటే చాలు, ఆ తెలివంతా ఎక్కడికో పోయి, ఉన్నదంతా బిగబట్టుకుని రాయిలా నిలబడుతుంది.

"అట్లా కసిరితే నాకే రాదు చెల్లెమ్మా, దానికేం వస్తుంది?" పక్కనించి రూఫస్ నవ్వాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. కుక్కల్ని మార్చి మార్చి, ఈ పెరట్లో నిలబడి నిలబడి ముసలివాడైపోయాడు.

"నీ సంగతి ఎవరడిగారు ముసలాయనా? నీ సంచి నువ్వు చూసుకో."

అప్పుడే వెర్నా ఎడం మోకాలి పక్కన ఇత్తడి బకిల్ చిన్నగా గలగలమంది. హెక్టర్ జీను, దారి చూపే కుక్క ఒంటికి కట్టే తోలు పట్టీలూ పిడీ. వెర్నా పాత కుక్క హెక్టర్ పోయి ఏడాది దాటింది గానీ దాని జీను మాత్రం పని మానలేదు. లోపల ఎవరూ లేకుండానే ఛాతీ పట్టీ గుండ్రంగా ఉబ్బి, పిడి పైకి నిలబెట్టుకుని, ఆవిడ పక్కనే నడుస్తూ ఉంటుంది. తోలు మెత్తబడి, కుట్లు వదులై, కాస్త కుంటుతుంది కూడా. ఇప్పుడది నెమ్మదిగా టాన్సీ వెనక్కి వెళ్ళి బకిల్‌తో తొడ మీద పొడిచింది. టాన్సీ కుయ్యిమని ఎగిరింది.

"వెర్నా గారూ!" పెరటి గుమ్మం దగ్గర్నించి ఎమ్మెట్ అరిచాడు. టాన్సీకి చదువు చెప్పింది అతనే. "మీ జీనుని కాస్త అదుపులో పెట్టుకోండి. పిల్లకి నిన్నటి గీతే ఇంకా మానలేదు."

"పిల్లట పిల్ల! అంత ముద్దయితే నువ్వే తీసుకుపోయి ఒళ్ళో పెట్టుకో."

ఎమ్మెట్ బూట్లు కిర్రుమంటూ లోపలికి వెళ్ళిపోయాయి. గొలుసు చివర టాన్సీ మెడ ఆ కిర్రు చప్పుడు వెంటే తిరగడం వెర్నా చేతికి స్పష్టంగా తెలిసింది. రోజుకి ఎన్నిసార్లు తెలుస్తుందో అది. మొగుడు పరాయి ఆడదాని వంక చూస్తుంటే పక్కనున్న పెళ్ళానికి తెలిసినట్టే తెలుస్తుంది.

అసలు వెర్నాకి ఇక్కడికి రావాలని లేదు. వాళ్ళ ఊళ్ళో కౌంటీ కోర్టు మెట్ల కింద ఆవిడకో చిన్న కొట్టుంది. కాఫీ, బిస్కట్లు, దగ్గు బిళ్ళలు. జడ్జీల దగ్గర్నించి సంకెళ్ళతో వచ్చే కుర్రాళ్ళ దాకా అందరూ అక్కడే తాగుతారు. అడుగుల చప్పుడు విని ఎవరికెంత చక్కెరో చెప్పేస్తుంది. హెక్టర్ పోయాక కూడా జీను పట్టుకుని రోజూ వెళ్ళేది. బస్సు డ్రైవరు "కాస్త తోక లోపలికి లాక్కోమను" అని వేళాకోళం చేసేవాడు, జీను బుద్ధిగా సీటు కిందికి దూరేది. చిక్కల్లా ఏమిటంటే, జీనుకి తెలిసింది హెక్టర్ బతికున్నప్పటి ఊరే. ఎప్పుడో పీకేసిన స్తంభానికి పక్కకి తప్పుకునేది. మూసేసిన మాంసం కొట్టు ముందు కాసేపు నిలబడేది. చివరికి కోర్టు ఎదురుగా నీళ్ళ గొట్టాల కోసం తవ్విన గోతిలోకి, అక్కడ గొయ్యి లేని రోజుల్లో నడిచినంత నిబ్బరంగా, ఆవిడని తీసుకుపోయింది. మణికట్టు విరిగింది. కొత్త కుక్కతో వస్తేనే కొట్టు, లేకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు కౌంటీ వాళ్ళు. ఆ కొట్టు పోతే వెర్నాకి ఇక మిగిలేది వదినగారింట్లో వెనకగది, టీవీ చప్పుడూను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజల కూర. బల్ల కింద కుక్కలన్నీ ఎవరి మనిషి కాళ్ళ దగ్గర అవి పడుకున్నాయి. టాన్సీ కూడా పడుకుంది, మూతి మాత్రం ఎమ్మెట్ కుర్చీ వైపు. వెర్నా బూటు కొసతో దాన్ని తన వైపుకి తిప్పింది. అది నిట్టూర్చి మళ్ళీ అటే తిరిగింది.

"రేపు ఊళ్ళో ఆఖరి నడక," అన్నాడు ఎమ్మెట్ ఎదురుగా కూర్చుంటూ. "జీను గదిలోనే ఉండాలి. అది అడ్డం పడి నడక చెడిందంటే టాన్సీ వరసలో ఉన్న వేరేవాళ్ళకి పోతుంది. మీరు చేతికర్రతో ఇంటికి పోతారు."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

"నీకు కావల్సిందీ అదేగా. నేను పోతే ఇంకొకరు వచ్చేదాకా అది నీ కాళ్ళ దగ్గర పడుంటుంది."

రూఫస్ చెంచా పళ్ళెంలో ఆగిపోయింది.

ఎమ్మెట్ గొంతు తగ్గించాడు. అరిచి ఉంటే వెర్నాకి ఇంకా బాగుండేది. "చలికాలమంతా దాంతో నడిచాను. ముక్కు గడ్డకట్టే చలిలో, ఆ పక్కనే, అడుగులో అడుగేసి. మీ చేతికిచ్చిన రోజునించీ దాన్ని తాకకూడదు, దాంతో మాట్లాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అది ఇక్కడి కట్టుబాటు. పిలిచానంటే జన్మలో మీ దగ్గరికి రాదు కాబట్టి. ఆ పేరు పిలిచే హక్కు ఇప్పుడు మీ ఒక్కరికే ఉంది. ఒక్కసారైనా పిలిచారా మీరు? 'ఏయ్' అంటారు. లేదా హెక్టర్ అంటారు."

"అది అందరికీ జరిగేదేలే," అన్నాడు రూఫస్, గాలి చల్లబరుద్దామని. "నా రెండోదాన్ని ఆర్నెల్లు మొదటిదాని పేరుతోనే పిలిచాను. పాపం మర్యాదకి పలికేది."

బల్ల తుడవడానికొచ్చినావిడ "జరుగు నాయనా" అంటూ జీనుని కాలితో పక్కకి నెట్టి, కిందపడ్డ రొట్టె ముక్కలు ఊడ్చుకుపోయింది.

మర్నాడు బయల్దేరేముందు వెర్నా జీనుని గదిలో వేడిగొట్టానికి కట్టేసింది. రెండు ముళ్ళు వేసింది. "ఒక్క పూట," అంది దాని తోలు మీద చెయ్యేసి. తోలు వెచ్చగా ఉంది, ఎండలో పడుకుని లేచిన కుక్క వీపులాగ. ఆవిడ చెయ్యి లాక్కుని, వచ్చిన కోపమంతా టాన్సీ గొలుసు మీద చూపించి, ఒక్క గుంజు గుంజి బయటికి నడిచింది. వ్యాను ఎక్కి కూర్చునేసరికి సీటు కింద బకిల్ గలగలమంది.

"నేను చెప్పాను," అన్నాడు ఎమ్మెట్.

"నేనూ కట్టాను. ఊడబెరుక్కుని వచ్చింది. నీ కుక్క నా మాట వింటోందా, నా జీను నీ మాట వినడానికి?"

ఎమ్మెట్ చాలాసేపు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టాడు. "దాన్ని కుడిచేత్తో పట్టుకోండి. టాన్సీ ఎడంపక్క. జీను ఒక్కసారి దారి మళ్ళించిందా, అక్కడే ఆపేసి వెనక్కి తీసుకొచ్చేస్తాను. తర్వాత నన్నేమీ అనొద్దు."

"నిన్ననడానికి నాకంత తీరిక లేదులే."

ఊరి నడిబొడ్డున దిగారు. ఎమ్మెట్ వెనకాల పడ్డాడు. అతని బూట్లు దూరంగా కిర్రుమంటూ వస్తున్నాయి. ఎడం చేతిలో టాన్సీ పిడి, కుడి చేతిలో హెక్టర్ పిడి. చెరోపక్కకీ లాగే ఎడ్లు కట్టిన బండిలా ఉంది వెర్నా పని. టాన్సీ నీళ్ళగుంటకి ఎడంగా తప్పిస్తే జీను కుడికి గుంజుతుంది. జీను ఏదో లేని గుమ్మం ముందు ఆగితే టాన్సీ విసుక్కుని ముందుకి లాగుతుంది. భుజాలు రెండూ ఊడొస్తున్నాయి. చంకలో చెమట, చెవుల మీద చలి. దారిన పోయే వాళ్ళు "ముందు జీనుని పోనీయండి, పెద్దది" అంటూ పక్కకి తప్పుకుంటున్నారు.

"కొట్టుకు చావండి," అంది వెర్నా రెండింటితోనూ.

పెద్దవీధి మూల దగ్గర టాన్సీ ఆగింది. జీనూ ఆగింది. వెర్నా చెవులు రిక్కించింది. ఏళ్ళ తరబడి చెవులతోనే రోడ్లు దాటిన మనిషి. పక్క వీధిలో బండ్లు కదిలితే ఎదురు వీధిలో ఆగుతాయి, అప్పుడు దాటాలి. కానీ దగ్గర్లో బస్సొకటి నిలబడి గుర్రుమంటోంది. రోడ్డంచున పోసిన మంచుకుప్పలు మిగిలిన చప్పుళ్ళన్నీ మింగేస్తున్నాయి. పక్క వీధిలో బండ్లు కదిలినట్టే అనిపించింది. కదిలాయి. ఇప్పుడే.

కుక్కకి ముందుకి పొమ్మని చెప్పేటప్పుడు మాటొక్కటే చాలదు, కుడిచెయ్యి కూడా ముందుకి విసరాలి. వెర్నా ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు విసిరిందో. ఆలోచన అక్కర్లేకుండానే గుప్పిలి విప్పుకుని హెక్టర్ పిడి వదిలేసింది, చెయ్యి ముందుకి పోయింది, నోట్లోంచి మాట వచ్చేసింది.

"హెక్టర్, ముందుకి!"

టాన్సీ కదల్లేదు. పైగా అడ్డంగా తిరిగి, ఒళ్ళంతా వెర్నా మోకాళ్ళకి ఆనించి గోడలా నిలబడింది. అదే క్షణాన మోటారు చప్పుడే లేని కొత్తరకం కారొకటి ఆవిడ ముక్కుకి గాలి తగిలేలా దూసుకుపోయింది. బురదనీళ్ళు మొహం దాకా చిమ్మాయి. దాని వెనక ఇంకొకటి. ఇంకొకటి.

ఆ చక్రాల మధ్యలోంచి బకిల్ చప్పుడు. గలగల, గలగల. తొందరేమీ లేదు. పరుగు లేదు. దూరమైపోతోంది.

"హెక్టర్!" వెర్నా గొంతు చీలిపోయింది. "వెనక్కి రా! ఒరేయ్!"

ఎమ్మెట్ పరుగెత్తుకొచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు. "మీకేం కాలేదుగా?"

"చెయ్యి తియ్. అదేది?"

"దాటింది."

"ఏ బండి కిందైనా..."

"లేదు. బండ్ల మధ్యలోంచి దాటింది. అవతల గట్టెక్కి పోస్టాఫీసు పక్క సందులోకి తిరిగింది."

"వెనక్కి చూసిందా?"

"జీను అండీ అది. చూడ్డానికి తలెక్కడుంది?"

లాగి చెంప మీద కొట్టాలనిపించింది. చెంప ఎక్కడుందో గొంతుని బట్టి తెలుసు కూడా. కానీ చెయ్యి లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. ఇప్పుడు బండ్లన్నీ వినిపిస్తున్నాయి, ఎంత దగ్గరగా ఎన్ని పోతున్నాయో. వెర్నా కాళ్ళకి ఆనుకుని టాన్సీ వణుకుతోంది.

"బండి వస్తుంటే వాడు నా మాట వినేవాడు కాదు," అంది వెర్నా. "ఒక్కసారంటే ఒక్కసారి విన్న పాపాన పోలేదు. తిట్టినా, తన్నినా. రోడ్డు మీద చతికిలబడి కూర్చునేవాడు. ఇవాళ అన్నీ వస్తుంటే పిలవగానే వెళ్ళాడు."

వెర్నా ఖాళీ గుప్పిలి ముడిచింది.

"కావాలనే విన్నాడు, వెధవ. నన్ను వదిలిపోవడానికి సందు చూసుకుని విన్నాడు."

కన్నీళ్ళు వచ్చాయి. బురదతోపాటే తుడిచేసుకుంది.

"ఇక్కడితో ఆపేద్దాం," అన్నాడు ఎమ్మెట్. "మీకు ఒంట్లో బాగాలేదని పైవాళ్ళకి చెప్తాను. వ్యాను ఇక్కడికే తెస్తాను."

"తెచ్చి? దీన్ని ఇంకొకరికి ఇస్తావా?"

"అది నా చేతుల్లో లేదు."

ఎమ్మెట్ అంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. అయినా పిడి అతని వైపు తిరగలేదు. అది వెర్నాకి అప్పుడే తట్టింది. కుక్క మెడ రోడ్డు వైపే నిటారుగా ఉంది. దాటడానికి సందు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది.

"నువ్వు వెనక్కి పో," అంది ఎమ్మెట్‌తో. "ఇంకా. ఇంకా వెనక్కి. నడక అయిపోలేదు."

బూట్లు కిర్రుమంటూ వెనక్కి తగ్గాయి. వెర్నా వంగి టాన్సీ చెవి దగ్గర నోరు పెట్టింది. తడి కుక్క వాసన. హెక్టర్ వాసన ఇలా ఉండేది కాదు. దీనిది వేరే వాసన, కొంచెం తియ్యగా, ముగ్గిన ఆపిల్ పండులా.

"నువ్వంటే నాకిష్టం లేదు. నేనంటే నీకూ లేదు. మంచిది. నా కొట్టు పొద్దున్నే తెరవాలి, జడ్జిగారు కాఫీ లేకపోతే అందరినీ జైల్లో వేసేస్తాడు. అర్థమైందా?" నిటారుగా నిలబడి, కుడిచెయ్యి విసిరింది. "టాన్సీ, ముందుకి."

టాన్సీ కదల్లేదు. ఒక బండి పోయింది. అప్పుడు కదిలింది. అంత సూటిగా, అంత నున్నగా, ఎక్కడా ఒక్క తొట్రుపాటు లేకుండా రోడ్డుని చీల్చుకుంటూ పోతుంటే, వెర్నా కోటు అంచు గాలికి లేచింది. ఇంత వేగంగా ఎప్పుడు నడిచిందో గుర్తు లేదు. హెక్టర్ ముసలితనంలో నెమ్మదిగా నడిచి నడిచి, తనకి తెలీకుండానే తనూ నెమ్మదించింది కాబోలు. అవతలి గట్టు దగ్గర టాన్సీ ఆగి, ఆవిడ పాదం అంచుకి తగిలేదాకా ఉండి, ఎక్కించింది.

వెనకాల కిర్రు చప్పుడు లేదు.

వాళ్ళ వెనకే బండ్లు మళ్ళీ మొదలయ్యాయి. ఎమ్మెట్ అవతలే చిక్కుపడిపోయాడు. నోరు తెరిచి ఆగమని కేక పెడితే చాలు. ఆ గొంతు వినబడితే టాన్సీ వెనక్కి తిరుగుతుంది, ఇంతసేపూ నడిచిన నడకంతా మట్టి కొట్టుకుపోతుంది. అవతల్నించి ఏ కేకా రాలేదు.

"పిలవడు," అంది వెర్నా. "చచ్చినా పిలవడు, మొండి మనిషి. ఆగాలా మనం?"

పిడి సన్నగా వణికింది. చెవులు వెనక్కి తిప్పి విన్నట్టుంది. ఒక ఊపిరి తీసుకునేంతసేపు అలాగే ఉంది. తర్వాత పట్టీలు బిగిశాయి, టాన్సీ భుజం ముందుకి లాగింది, వెర్నా ఎడం చెయ్యి ఎటు పోతే అటు నడిచింది.