నాలుక కింద మూడు నిమిషాలు

కొరికితే పగులుతుందట, పగిలితే పాదరసం కడుపులోకి పోతుందట, పోతే ఏమవుతుందో మాత్రం మేడం చెప్పలేదు, ఈ నర్సింగ్ బడిలో చెప్పకుండా వదిలేసిన సంగతులే ఎక్కువ భయపెడతాయి, అందుకే పళ్లు ఎడంగా పెట్టి, పెదాలు మాత్రం బిగించి, ఫోటో స్టూడియోలో కూర్చున్నదానిలా కదలకుండా కూర్చున్నాను, మూడు నిమిషాలు, గోడగడియారం నాలుగూ అయిదు చూపిస్తోంది, నాకు జ్వరం వచ్చే వేళ కూడా ఇదే, నాలుగు రోజులుగా పెనుబల్లి బస్సుకన్నా సరిగ్గా వస్తోంది, ముందు అరికాళ్లు, తర్వాత వీపు, తర్వాత కళ్ల వెనక ఎవరో పొయ్యి రాజేసినట్టు, ఎదురుగా స్టూలు మీద ముత్తక్క నా మణికట్టు పట్టుకుని పెదాలు కదుపుతూ నాడి లెక్కపెడుతోంది, దానిది మణుగూరు అవతల అడవిలో ఊరు, నాది పెనుబల్లి పక్క తండా, అడవిపిల్లలిద్దరూ ఒకచోట ఉంటే బెదరరనుకున్నారో ఏమో మమ్మల్ని ఒకే బెంచీ మీద వేశారు, బడిలో చేరి ఇవాళ్టికి పన్నెండో రోజు, ఒకరికొకరం నర్సులం, ఒకరికొకరం రోగులం, ముందు రోగులెవరమ్మా, చేతులెత్తండి అని మేడం అడిగితే అందరికన్నా ముందు నా చెయ్యే లేచింది, అది చూసి నాకే నవ్వొచ్చింది.

నాలుక మీద ఇంకా చల్లగానే ఉంది, క్లాసుకి ముందు వరండాలో మట్టి రంజన్‌లోంచి రెండు గ్లాసుల చల్లనీళ్లు ముంచుకు తాగాను, రెండో గ్లాసులో చివరి గుక్క మింగకుండా గంట కొట్టేదాకా బుగ్గల్లో పెట్టుకున్నాను, చల్లవి తాగినా వేడివి తాగినా పావుగంటదాకా థర్మామీటర్ పెట్టకూడదమ్మా, లెక్క తప్పు చూపిస్తుంది అని మొదటి రోజే మేడం చెప్పింది, జ్వరం దాచడం ఎలాగో అంత వివరంగా నేర్పిన బడి ఇంకెక్కడా ఉండదు, మూడు రోజులుగా నా కాగితం మీద తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది, తొంభై ఏడున్నర, కాగితం మీద చూస్తే నా అంత గట్టి మనిషి ఈ ముప్పై మందిలో లేదు, ఒక్క నిమిషం అయిందా, కాలేదు, పక్కన ఆడవాళ్ల వార్డులో ఎవరో దగ్గుతున్నారు, దగ్గు చివర చిన్న ఈల, అది సోమ్లి దగ్గు కాదు, సోమ్లి ఇక్కడ లేదు, తండాలో ఉంది, దగ్గులన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఉండవు, నాకు తెలుసు ఉండవని.

సోమ్లి మా చిన్నమ్మ, మా యాడి, అంటే మా అమ్మ, దానికి చెల్లెలు, మాఘంలో మిరప కల్లంలో కాయలు ఏరుతూ నేను దగ్గితే అందరూ దగ్గుతున్నారు కదా అని ఎవరూ తల తిప్పలేదు, మిరప రోజుల్లో తండాలో దగ్గనివాళ్లనే అనుమానించాలి, పని ఎగ్గొట్టారని, కానీ ఆరోజు నా చేతిలోని కాయలకన్నా ఎర్రగా నోట్లోంచి పడింది, అప్పుడు నన్ను వీపున వేసుకుని రోడ్డుదాకా మోసింది సోమ్లి, పద్దెనిమిదేళ్ల దాన్ని, పది చదివినదాన్ని, ఆమె మెడ మీద నెత్తురు కారుస్తూ వేలాడాను, దవాఖానలో ఛాతీ ఫోటో తీసి, తెమడ చూసి, టీబీ అన్నారు, ఎర్ర గొట్టం మాత్రలు, తెల్ల గోలీలు ఇచ్చారు, ఆరునెలలు, ఒక్క పూట తప్పినా ఊరుకోనన్నాడు మందులిచ్చే బసవపున్నయ్య, తప్పలేదు, మొదటి మూడు నెలలూ తప్పలేదు, వైశాఖానికి తెమడలో పురుగు లేదన్నారు, బడిలో సీటొచ్చింది, ఫిట్‌నెస్ చూసిన డాక్టరు నా కాగితాలు రెండుసార్లు తిరగేసి, మందు పూర్తి చెయ్యాలి, మళ్లీ జ్వరమొస్తే అదే రోజు చెప్పాలి, దాచావంటే సీటు ఉండదు, నీ వెనక అమ్మాయి కాచుకుని ఉంది అన్నాడు, ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, రోజూ నాలుగింటికి మాత్రం గుర్తొస్తుంది.

మిరపకాయ లారీ ఎక్కి గుంటూరు పోయింది, ఘాటు మాత్రం సోమ్లి గొంతులోనే ఉండిపోయింది, జ్యేష్ఠం వచ్చినా దగ్గు పోలేదు, దవాఖానకి పోదాం పా చిన్నమ్మా అంటే, దవాఖానకి పోయిన నా మొగడు నడిసొచ్చిండా, నలుగురు మోసుకొచ్చిండ్రు, నేను పోను అంది, అప్పుడు యాడి నా మందుల పొట్లం విప్పి చాప మీద పోసి రెండు కుప్పలు చేసింది, మా తండాలో యాటను కోసినా, తేనె పట్టు దించినా ఇంటికో కుప్ప, కుప్పలో తేడా వస్తే నాలుగు తరాలు చెప్పుకుంటారు, ఒకరోజు నీకు, ఒకరోజు దానికి, నిన్ను మోసింది గదా బిడ్డా, ఇద్దరు బతుకుతరు అంది యాడి, కాదని ఏ నోటితో అంటాను, ఆమె మెడ మీద నెత్తురు కక్కిన నోటితోనా, గొట్టం మింగిన మర్నాడు సోమ్లి కంచెలోకి ఒంటికి పోయి వచ్చి, ఎర్రగ పోతున్నదే రుక్మిణీ, రోగమంత పోతున్నదే అని మురిసిపోయింది, మందు రంగే అంతని నాకు తెలుసు, చెప్పలేదు, మురిసిపోనీలే అనుకున్నాను, బడికి వచ్చేరోజు కూడా నా నెల పొట్లంలో సగం ఆమె కొంగున ముడేసి వచ్చాను, నా ట్రంకుపెట్టెలో పదిహేను రోజుల మందుతో నెల రోజుల ధైర్యం తెచ్చుకున్నాను.

ఈ పొద్దున మేడం బోర్డు మీద రాయడం ఆపి, మీలో మిరప వేసినోళ్లున్నారామ్మా అంది, సగం క్లాసు చేతులెత్తింది, పురుగుమందు పలచగా కొడితే ఏమవుతుంది, అంది, ముదిగొండ పిల్ల లేచి, పురుగు సావదు మేడం, ఇంకింత బలుస్తది, మల్ల అసలు మందు కొట్టినా నవ్వుతది అంది, అందరూ నవ్వారు, టీబీ పురుగు కూడా అంతేనమ్మా, సగం మందు మింగినోడు అసలు మింగనోడికన్నా అధ్వాన్నం, ఇంట్లోవాళ్లకి అంటించేది కూడా ఆ బలిసిన పురుగునే అంది, నేనూ నవ్వాను, అందరితో సమానంగా, అందరికన్నా కాసేపు ఎక్కువగానే, మొన్న వార్డులో మూడో మంచం దగ్గర నిలబెట్టి, ఈమె మధ్యలో మందు మానేసిన మనిషి, చూడండి అని చూపించింది, ఆమె మా వైపు చూడలేదు, కిటికీ వైపే చూసింది, ఇవాళ పొద్దున ఆ పరుపు డాబా మీద ఎండలో ఉంది, ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, పరుపు మధ్యలో మనిషి పడుకున్నంత గుంట అలాగే ఉంది.

రెండు నిమిషాలు, ముత్తక్క పెదాలు ఆగిపోయాయి, పిల్లా, నీ నాడి ఉరుకుతున్నదే, నూటపదహారొచ్చింది, నేనే తప్పు లెక్కవెట్టిన్నా ఏంది, ఆగు, మల్ల సూస్త అని ఇంకా గట్టిగా పట్టుకుంది, నోట్లో గాజుపుల్లతో ఊఁ అన్నాను, నీళ్లు నాలుకనే చల్లబరిచాయి, మణికట్టు సంగతి రంజన్‌కి అందలేదు, మూడు రోజులుగా దీనికి నాడి దొరకనేలేదు, ఇవాళే నేర్చుకుంది, నేర్చుకోవడానికి దీనికి వేరే రోజు దొరకలేదు, చెయ్యి సుత కాలుతున్నది గదనే అంది, థర్మామీటర్ లాగి, దూదితో తుడిచి, కిటికీ వెలుగుకి పెట్టి, ఒక కన్ను మూసి తిప్పీ తిప్పీ చూసింది, తొంభై ఏడున్నర సూపెడ్తున్నది, గిది పిచ్చిదా, నా చెయ్యి పిచ్చిదా, అని నా ముఖం చూసింది, తర్వాత మేడం ఎక్కడుందో చూసింది, మేడం చివరి బెంచీ దగ్గర ఎవర్నో తిడుతోంది, ముత్తక్క గొంతు తగ్గించి, ఎంత రాయమంటవ్ చెప్పు, నాడి ఎనభై రాస్త, మేడమేమన్న వచ్చి పట్టి సూస్తదా, నువ్వు పోతే ఈ పట్నపోళ్ల నడుమ నేనొక్కదాన్నే ఎట్లుండాలె అంది.

కలం మూత తీసింది కూడా, ఎనిమిది వెయ్యడానికి పైన చిన్న సున్న మొదలుపెట్టేసింది, ఎంత మంచిది ముత్తక్క, అడగకుండానే నా అబద్ధంలో ఒక కుప్ప తన ముందుకి లాక్కుంది, మా యాడి చూస్తే మెచ్చుకునేది, పంచుకోవడం అంటే ఇదే బిడ్డా అనేది, అలా పంచుకునే కదా, చలికాలమంతా నేను, సోమ్లి ఒకే దుప్పటి కింద, నా దగ్గు ఆమె ముఖం మీదే కదా, యాడి చాప మీద కుప్పలు చెయ్యకముందే నా రోగంలో సగం ఆమెకి ఇచ్చేశాను, నెపం మిరపకాయ మీద వేశాం, తర్వాత మందులో సగం ఇచ్చాను, ఆ సగంతో ఆమె ఛాతీలో పురుగుని మేపుతున్నాను, నాకు జ్వరం తిరగబెడితే చూడటానికి ముత్తక్క ఉంది, మేడం ఉంది, ఈ గడియారం, ఈ కాగితం, గోడ అవతల డాక్టరు ఉన్నారు, సోమ్లికి నాలుగింటికి జ్వరం వస్తుందో లేదో చూసేవాళ్లెవరు, ఆమె మణికట్టు పట్టుకునేవాళ్లెవరు, ఎర్రగా పోతున్నది మందు రంగు చిన్నమ్మా, రోగం కాదు అని చెప్పేవాళ్లెవరు, తండా మొత్తానికి ఆ సంగతి తెలిసింది ఒక్కదానికే, అది ఇక్కడ కూర్చుని బుగ్గల్లో నీళ్లు పట్టుకుంటోంది.

రాయకు, అన్నాను, ముత్తక్క తలెత్తింది, నీళ్లు తాగిన, మూడు రోజుల నుంచి తాగుతున్న, నాడి ఉన్నదున్నట్టే రాయి, మేడాన్ని పిలువు అన్నాను, సీటు పోతదే పిచ్చిదానా అంది ముత్తక్క, పోతది కావచ్చు అన్నాను, గోడ అవతల ఆ దగ్గు మళ్లీ మొదలైంది, చివర ఈలతో సహా, ముత్తక్క నన్ను చూస్తూనే కాగితం మీద ఆ సున్నని కొట్టేసి నూటపదహారు వేసింది, థర్మామీటర్ విదిలించింది, మేడం చెప్పులు మా వైపు చప్పుడు చేస్తూ వస్తున్నాయి, ముందు నా పేరు చెప్పాలి, ఆ తర్వాత సోమ్లి పేరు, తండా పేరు, ఎన్ని గొట్టాలు, ఏయే రోజులు, అన్నీ వరుసగా చెప్పాలి, ఎందుకంటే సీటు ఉన్నా ఊడినా, సోమ్లికి ఉన్న నర్సును నేనొక్కదాన్నే.