అమ్మ మూలుగ

ఇంజనీరింగ్ చదువుతున్న తన తమ్ముడు హరీష్‌కు మళ్లీ నిమ్ము చేసి దవాఖానలో చేరాక, డాక్టర్ స్నేహలత తేజస్వికి అసలు సంగతి చెప్పింది. ఎముక మూలుగలో పుట్టిన లేత కణం ఎదిగి ఏమవ్వాలో కొన్ని ప్రొటీన్లు నిర్ణయిస్తాయి. జన్యువుల్లో దేన్ని మేల్కొలపాలో, దేన్ని నిద్రపుచ్చాలో అవే చూస్తాయి. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లంటారు. వాటిలో గాటా-2 అనేది హరీష్‌లో సగమే పనిచేస్తోంది. అందుకే రోగాలతో పోరాడే కణాలు కొన్ని వాడి ఒంట్లో తయారవడమే లేదు. వేరేవాళ్ల మూలుగ ఎక్కిస్తే బతుకుతాడు.

పరీక్ష చేస్తే తేజస్విది అచ్చంగా సరిపోయింది. ఆమె తాను పనిచేసే విత్తనాల షాపులో సెలవు చెప్పి, మూలుగ ఎక్కించే హైదరాబాద్ దవాఖానకు పోవడానికి బట్టలు సర్దుకుంది. అంతలో డాక్టర్ పిలిపించింది.

"నీ జన్యువు కూడా చూశాం తేజస్వీ. అదే లోపం నీలోనూ ఉంది."

"నాకు జలుబు గూడ రాదు గద మేడమ్!"

"కొందరికి ఆలస్యంగా బయటపడుతుంది. నీ మూలుగ ఇస్తే వాడికి మళ్లీ అదే జబ్బు ఇచ్చినట్టు."

తేజస్వికి తన గురించి భయం వెంటనే కలగలేదు. తమ్ముడికి ఏమని చెప్పాలన్నదే మనసులో తిరిగింది.

మర్నాడు నెక్కొండ నుంచి తల్లి మొగిలమ్మ రైల్లో వచ్చి రక్తం ఇచ్చింది. కొన్ని రోజులకు ఫలితం వచ్చింది, ఆమెలో లోపం లేదు. మూలుగ సగమే కలిసింది, ఇప్పటి వైద్యంలో అదీ పనికొస్తుందన్నారు. తల్లిలో లేదంటే లోపం తండ్రి యాదగిరి నుంచే వచ్చుండాలి. ఆయన కూడా చిన్న వయసులోనే నిమ్ము చేసి పోయాడు.

"నేను జల్ది దవాఖానకు తీస్కపోలేదని ఊరంత అన్నరు బిడ్డా," అంది మొగిలమ్మ, వరండాలో బెంచీ మీద కూలబడి. "నేను గూడ గట్లనే అనుకున్న, ఇన్నేండ్లు."

"నీ తప్పేం లేదవ్వా. బాపు పుట్టుకతోనే ఉన్నది అది."

మొగిలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తేజస్వి ఆపలేదు.

హైదరాబాద్‌లో తల్లి మూలుగే ఎక్కించారు. హరీష్ బాగా నలిగిపోయాడు, జుట్టంతా రాలింది, చివరికి కొత్త కణాలు పెరిగాయి. ఏడాది ఆలస్యంగా కాలేజీకి పోయాడు.

తనలోని లోపం బయటపడుతోందేమో చూసే రక్తపరీక్షలకు ఇప్పుడు పోవలసింది తేజస్వి. మొదటిసారి ఏదో వంకతో ఎగ్గొట్టబోతే హరీష్ ఆటో తెచ్చి గుమ్మంలో ఆపాడు.

"నాకేం కాలేదు, ఊకె దవాఖాన ఎందుకురా?" అంది.

"భయమైతాందా అక్కా?"

అయితాందని ఒప్పుకోవడానికి ఆమెకు ఆటోలో సగం దారి పట్టింది.