మస్కట్‌కు చుట్టపుచూపు

ప్రేమలత ఎమ్మిగనూరు హైస్కూల్లో సోషల్ టీచరు. ఒకరోజు తొమ్మిదో తరగతికి అరేబియా పటం చూపిస్తూ, మా అమ్మ మస్కట్‌లో పదకొండేళ్ళు ఉండి వచ్చిందని మాటవరసకు చెప్పింది. ఆ ఊరెట్లుంటుందో చెప్పమని పిల్లలు పట్టుకున్నారు. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు, ఆ ఊరి గురించి తనకేమీ తెలియదని. ఆదివారం పెద్దకడుబూరికి పోయినప్పుడు అమ్మనే అడిగింది.

అంజినమ్మ అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. చేతిలో కాయ పక్కన పెట్టి, "ఇల్లు పెద్దది. గోడలన్నీ తెల్లగా ఉండె. వంటింటి కిటికీలోంచి ఒక కొండ కనపడతాండె," అంది.

"సముద్రం?"

"ఉందంట. ఆ ఇంటి సేటమ్మ వాళ్ళు పోయి వస్తాండిరి."

పదకొండేళ్ళు సముద్రం పక్కన బతికిన మనిషి 'ఉందంట' అంటోంది. ప్రేమలతకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

వరసగా వానలు మొహం చాటేసి, పొలం బీడు పడిన కాలంలో అంజినమ్మ ఒక ఏజెంటు వెంట ఇంటి పనికి పోయింది. ప్రేమలత అప్పుడు ఆరో తరగతి. తమ్ముడు హరికృష్ణ ఇంకా చిన్నవాడు. తండ్రి ఓబన్న వంట నేర్చుకుని, పిల్లల్ని బడికి పంపి, ఆ తర్వాత పొలానికి పోయేవాడు. అంజినమ్మ నడుమ రెండుసార్లు వచ్చి చూసిపోయింది. ఆమె పంపిన డబ్బుతోనే ప్రేమలత చదువు అయింది, పొలంలో బోరు పడింది. హరికృష్ణ బొలేరో కొని, పల్లెల నుంచి ఆదోని యార్డుకు పత్తి తోలుతున్నాడు. తిరిగొచ్చాక అంజినమ్మ ఆ ఊరి మాట ఎత్తనే లేదు. ఎవరైనా అడిగినా, ఇల్లు తుడిచినాను, వండినాను, వచ్చినాను అని ఊరుకునేది.

అమ్మను మస్కట్ తీసుకుపోవాలని ప్రేమలత అనుకున్నది ఆ వారంలోనే. పని మనిషిగా కాదు, ఊరు చూడడానికి వచ్చిన మనిషిగా. ముందే చెబితే ఆమె ససేమిరా రాదు. అందుకని చెప్పకుండా తీసుకుపోవాలి. హరికృష్ణ వినగానే, కాశీకో రామేశ్వరానికో తీసుకుపోరాదా అక్కా, ఆమెను ఏడిపించిన ఊరికే మళ్ళీ ఎందుకు అన్నాడు. ప్రేమలత పట్టు వదల్లేదు. చివరికి వాడు ఒప్పుకుని, విమానం దాకా తానే దింపుతానన్నాడు. ఓబన్నకు చెప్పడమే పొరపాటయింది. ఆయనకు అబద్ధమాడడం రాదు. భార్య ఏదైనా అడగబోతే చాలు, బర్రెకు నీళ్ళు పెట్టాలని లేచిపోయేవాడు. ఆ నెలంతా ఆ బర్రె తాగినన్ని నీళ్ళు ఎప్పుడూ తాగి ఉండదు.

అంజినమ్మ పాస్‌పోర్టుకు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆధార్‌లో పేరు ఒక తీరుగా, అందులో ఒక తీరుగా ఉంది, సరి చేయించి పెట్టుకుంటే మంచిదని చెప్పి ప్రేమలత ఆమెను కర్నూలుకు తీసుకుపోయి వేలిముద్రలు వేయించింది. అంతవరకు బాగానే జరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం పాస్‌పోర్టు విచారణకని కానిస్టేబుల్ ఊళ్ళోకి వచ్చాడు. అంజినమ్మ పొలంలో ఉంది. ఆయన పక్కింటి దేవక్కను సాక్షిగా పిలిచి సంతకం పెట్టించుకున్నాడు. పొద్దుగూకే లోపల వీధంతా పాకిపోయింది, అంజినమ్మ మళ్ళా గల్ఫుకు పోతోందని. కూతురు ఉద్యోగం చేస్తూ కూడా తల్లిని పనికి పంపుతోందని బోరింగు దగ్గర ఆడవాళ్ళు అనుకున్నారు. హరికృష్ణ ఆ మాట విని బండి ఆపి గొడవకు దిగబోతే, ఓబన్న చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాడు.

అంజినమ్మ మరునాడు పొద్దున షేరింగ్ ఆటో ఎక్కి, ఆదోనిలో బస్సు మారి, ఎమ్మిగనూరులో కూతురి ఇంటికి వచ్చింది. ప్రేమలత బడికి బయలుదేరబోతోంది. తల్లి ఇచ్చిన జొన్నరొట్టెల మూట అందుకుంది. అంజినమ్మ గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"పాపా, ఏమన్నా ఇబ్బంది వచ్చిందా? అట్లుంటే సెప్పు. నేను మళ్ళా పోతాను. సేతుల్లో ఇంకా సత్తువ ఉంది."

ప్రేమలతకు ఉన్నదంతా అప్పుడే చెప్పేద్దామనిపించింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"మా, నువ్వు ఇంకొకరింట్లో పనికి పోయేది ఈ జన్మలో లేదు. నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇంతకంటే ఇప్పుడు అడగొద్దు."

అంజినమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఏం కనబడిందో, తల ఊపి లోపలికి వచ్చి కూర్చుంది. ఆ రోజు ప్రేమలత సెలవు పెట్టి, అమ్మను బజారుకు తీసుకుపోయింది. హైదరాబాదులో తోటి టీచరు కూతురి పెళ్ళి ఉందని, ఇద్దరం పోవాలని చెప్పి, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన ముదురాకుపచ్చ చీర కొనిపెట్టింది. పత్తి ఏరే కాలంలో పెళ్ళేమిటని అంజినమ్మ సణిగింది గాని, చీర అంచును దుకాణం బయట వెలుతురులోకి తెచ్చి రెండుసార్లు చూసుకుంది.

ప్రయాణం రోజు హరికృష్ణ స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. కర్నూలు దాటాక అంజినమ్మ నిద్రపోయింది. శంషాబాదులో కారు ఆగి మెలకువ వచ్చేసరికి ఎదురుగా విమానాశ్రయం. ఆమె ఆ చోటు మరిచిపోలేదు. ఏజెంటు ఆడవాళ్ళందరినీ గోడ వారగా కూర్చోబెట్టి, మాట్లాడొద్దని చెప్పింది ఇక్కడే. కారు దిగి, సామాన్ల ట్రాలీ పక్కనున్న బెంచీ మీద కూర్చుండిపోయింది.

"యాడికి?" అంది.

"మస్కట్‌కు," అంది ప్రేమలత.

హరికృష్ణ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. రాకపోతే రాకపోయె, ఇంటికే పోదామన్నట్టు అక్క వైపు చూశాడు.

"ఆడ నాకేం పని?" అంది అంజినమ్మ చివరికి.

"ఏ పనీ లేదు మా. అందుకే పోతాండాం. ఊరు చూసి వస్తాం. చుట్టాలు పోయినట్ల పోయి వస్తాం."

అంజినమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. సంచిలో నుంచి దువ్వెన తీసి జుట్టు సరిచేసుకుంది. ఆ తర్వాత లేచి, ట్రాలీ తానే తోసుకుంటూ లోపలికి నడిచింది.

మస్కట్‌లో దిగాక పాస్‌పోర్టు చూసే అధికారి కుర్రవాడు. ఆమె వైపు చూసి, పనికి వచ్చావా అని అరబ్బీలో అడిగాడు. ప్రేమలత ఇంగ్లీషులో జవాబు చెప్పబోయింది. అంజినమ్మ కూతుర్ని మోచేత్తో ఆపింది.

"లా. జియారా," అంది. కాదు, చూసిపోదామని వచ్చినాను అని. ఆ కుర్రవాడు నవ్వి, ముద్ర వేసి, స్వాగతమని చెప్పాడు. తల్లికి అరబ్బీ వచ్చునని ప్రేమలతకు తెలుసు. ఆమె నోట వినడం మాత్రం అదే మొదలు. అక్కడి నుంచి దారి అంజినమ్మ చేతిలోకి పోయింది. టాక్సీవాళ్ళతో బేరమాడింది. హోటల్లో పొద్దున్నే లేచి పక్క దుప్పట్లు మడతపెట్టబోయి, కూతురు చూస్తోందని మానుకుంది. గది తుడవడానికి వచ్చిన అమ్మాయిని మాత్రం కూర్చోబెట్టి, తనకు తెచ్చిన టీలో సగం పోసిచ్చింది.

రెండో రోజు, తాను పని చేసిన ఇంటికి పోవాలంది. అక్కడికెందుకమ్మా అంటే, పోవాల అని ఒక్క మాటే. కొత్త చీర కట్టుకుంది. పేట పేరు, మసీదు గురుతు చెప్పి టాక్సీని ఆ వీధికి నడిపించింది. ఇంటికి పక్కగా ఒక చిన్న గేటు ఉంది. అన్నేళ్ళూ ఆమె లోపలికీ బయటికీ తిరిగింది ఆ గేటు గుండానే. అంజినమ్మ దాని వైపు చూడకుండా మెట్లెక్కి, ముందు తలుపు గంట నొక్కింది. తలుపు తీసిన పని పిల్ల ఎవరని అడిగితే, చుట్టాన్ని వచ్చానని పెద్దమ్మతో చెప్పమంది.

సేటమ్మ జువైనా బాగా ముసలిదైపోయింది. కర్ర ఆనించుకుని వచ్చి, కళ్ళు చికిలించి చూసి, "అంజీ" అంది. చుట్టాలు వచ్చినప్పుడు కూర్చోబెట్టే హాల్లోకి చెయ్యి చూపింది. ఆ తివాచీలు అంజినమ్మ ఎన్నిసార్లు దులిపిందో లెక్కలేదు, వాటి మీద కూర్చున్నది మాత్రం ఎన్నడూ లేదు. ఇప్పుడు దిండుకు ఆనుకుని, కాళ్ళు మడిచి కూర్చుంది. ఖర్జూరాలు, కాఫీ వచ్చాయి. ముసలామె తన పిల్లల సంగతులు చెప్పింది. తర్వాత ఈ అమ్మాయి ఎవరని అడిగింది.

అంజినమ్మ ముందు అరబ్బీలో చెప్పి, కూతురికి కూడా తెలియాలని తెలుగులో మళ్ళీ చెప్పింది. "నా బిడ్డ. పెద్ద బడిలో టీచరు. ఈ ఊరు నాకు సూపియ్యాలని తీసకొచ్చినాది."

వీళ్ళు లేవబోతుంటే ముసలామె అంజినమ్మ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ప్రేమలత బయటికి వచ్చాక అదేమిటని అడిగింది. నిన్ను ఒక్కనాడన్నా సముద్రానికి తీసుకుపోయి ఉండాల్సిందని అనిందంట. "నేనే పోతాండాను లెమ్మని సెప్పినా," అంది అంజినమ్మ. మెట్లు దిగుతూ గట్టిగా నవ్వింది. వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. తల్లి అట్లా నవ్వగా ప్రేమలత చూసి ఎన్నో ఏళ్ళయింది.

మరునాడు పొద్దున ఇద్దరూ రేవులో పడవ ఎక్కారు. కొయ్య పడవ, ముందు భాగం ఎత్తుగా ఉంది. పడవ కదిలే వరకు అంజినమ్మ అంచు పట్టుకుని కూర్చుంది. కదిలాక లేచి ముందుకు పోయి నిలబడింది. ఎండ నీళ్ళ మీద తళతళలాడుతోంది. కొంగు గాలికి ఎగిరి ప్రేమలత మొహానికి తగిలింది. అప్పుడు హరికృష్ణ వీడియో కాల్ చేశాడు. వాడు పొలంలో ఉన్నాడు. పత్తి ఏరుతున్న ఆడవాళ్ళందరూ నడుముకు కట్టిన పత్తి ఒడులు విప్పకుండానే ఫోను చుట్టూ మూగారు. దేవక్క ముందుంది. వాళ్ళ వెనక ఓబన్న తువ్వాలు భుజాన వేసుకుని, కనబడక మునివేళ్ళ మీద లేస్తున్నాడు.

"యాడుండావు అంజినమ్మా?" అంది దేవక్క.

అంజినమ్మ ఫోను తీసుకుని, చెయ్యి చాపి, మెల్లగా చుట్టూ తిప్పింది. రేవు, తెల్లని ఇళ్ళు, వాటి వెనక కొండలు, తర్వాత అంతు లేని నీళ్ళు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, కనపడతాందా అని అడిగింది. చివరికి భర్తను ముందుకు రమ్మంది. ఓబన్న ఫోనుకు మొహం ఆనించినంత దగ్గరగా వచ్చాడు.

"శానా ఉందే నీళ్ళు," అన్నాడు.

"ఇది ఒడ్డే. ఇంకా ఉంది," అంది ఆమె.

పడవ నడిపే అతను వెనక్కి తిప్పేదా అన్నట్టు చేత్తో రేవు వైపు చూపాడు. అంజినమ్మ తల అడ్డంగా ఊపి, గాలికి ఎదురుగా గొంతెత్తి అరబ్బీలో ఏదో చెప్పింది. ప్రేమలతకు ఆ మాట అర్థం కాలేదు. పడవ మాత్రం ముక్కు తిప్పుకుని, సముద్రం లోపలికి జోరందుకుంది.