సున్నా కింద గది

హలో, హలో... వినిపిస్తోందా అండీ? అందరూ కులాసానా? చేతిలో పనుంటే కాస్త పక్కన పెట్టండి. ఈ కథలో ఒక మనిషి ఐసు గదిలో ఇరుక్కుపోతాడు. మీరు మధ్యలో వదిలేసి వెళ్ళారంటే పాపం ఆయన అక్కడే బిగుసుకుపోతాడు.

చిట్టిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. సరుకు దాచే కోల్డ్ స్టోరేజీ గదులను నడిపే ప్రోగ్రాం ఆమె రాసిందే. గది వేడెక్కితే ఫ్యాన్లు తిప్పి చల్లగాలి వదలడం, మంట పుడితే తలుపు బయట ఇనుప షట్టర్ దించి గాలి అందకుండా చేయడం, అన్నీ అదే చూసుకుంటుంది. ఆ కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు ఎవరో కాదు, ఆమె అక్క మొగుడే.

ఆ రోజు చేపల కోసం కట్టిన కొత్త గదిని మొదటిసారి చల్లబరుస్తున్నారు. చిట్టి కంట్రోల్ రూములో లాప్‌టాప్ ముందు కూర్చుంది. బావ లోపల అరలు సరిచూస్తున్నాడు. గది ఇంకా గడ్డకట్టేంత చల్లబడలేదు కదా అని పల్చటి చొక్కాతోనే వెళ్ళాడు.

ఉన్నట్టుండి ధడేల్‌మని షట్టర్ పడింది. కంట్రోల్ రూము గోడ మీది తెర ఎర్రగా వెలిగింది.

"మంటా? ఐసు గదిలో మంటేంటమ్మా!" మేనేజరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. తెర మీద గది వేడి 65,535 డిగ్రీలని ఉంది. "సూర్యుడి పైన కూడా అంత ఉండదు కదా!"

గోడకున్న ఫోను మోగింది. గదిలోంచి బావ.

"ఏం మరదలా, నన్ను కూడా చేపల్లో కలిపేద్దామనా? తలుపు తియ్యవే. ఫ్యాన్లన్నీ ఒక్కసారే తిరుగుతున్నాయి, చలి ప్రాణం తోడేస్తోంది."

"లోపల పొగేమైనా ఉందా బావా?"

"ఉంది. నా నోట్లోంచే వస్తోంది."

చిట్టికి నవ్వు రాలేదు. లాప్‌టాప్‌లో గది వేడి చదివే లైను తెరిచింది.

ప్రోగ్రాంలో ఏ విలువనైనా వాడేముందు అది ఏ రకమో ముందే చెప్పి పెట్టాలి. అక్షరాలా, అంకెలా, సున్నా కిందకి పోతుందా, పోదా? కంప్యూటరు దానికి తగ్గ డబ్బా ఒకటి కేటాయిస్తుంది. చిట్టి వాళ్ళ ఆఫీసులో ఒక పద్ధతుంది. అలాంటి ప్రతి లైను పక్కనా ఎందుకలా చెప్పామో ఒక వాక్యం రాసి తీరాలి. మంచి పద్ధతే. కాకపోతే వాక్యం ఉన్న లైనును ఎవరో ఆలోచించే రాసి ఉంటారులే అని మళ్ళీ ఎవరూ తరచి చూడరు.

ఆ లైను పక్కన ఇలా ఉంది: "గది వేడి. సున్నా కిందకి ఎప్పుడూ పోదు."

రాసింది చిట్టే. పళ్ళ గది కోసం. అక్కడ అది నూటికి నూరుపాళ్ళూ నిజం. చేపల గదికి అదే ప్రోగ్రాం తెచ్చుకున్నప్పుడు ఆ వాక్యం చూసి తనూ ముందుకెళ్ళిపోయింది, ఆఫీసులో తన పని సరిచూసిన ఆవిడా ముందుకెళ్ళిపోయింది.

స్కూటర్ మీటరుని సున్నా నుంచి ఒక్క అంకె వెనక్కి తిప్పారనుకోండి, అన్నీ తొమ్మిదులు పడతాయి కదా. ఇక్కడా అదే జరిగింది. గది సున్నా దాటి ఒక్క డిగ్రీ కిందకి దిగగానే, ఆ డబ్బాలో పట్టే అతి పెద్ద అంకె వచ్చి కూర్చుంది. ప్రోగ్రాం ఒక వైపు మంట అనుకుని షట్టర్ దించింది. మరో వైపు వేడి అనుకుని చలి పెంచేసింది.

ఇప్పుడు తెర మీద 65,530. అంటే లోపల సున్నాకి ఆరు కింద. ఇంకా దిగుతోంది.

"మెయిన్ ఆపేస్తా," అన్నాడు మేనేజరు, స్విచ్చు మీద చెయ్యి వేసి.

"వద్దండీ! ఆ షట్టర్ లేచేది కూడా కరెంటుతోనే. ఫోనూ పోతుంది."

"దాన్ని విప్పడానికి మెకానిక్ వచ్చేసరికి మనిషి కట్టెలా అయిపోతాడమ్మా! ప్రోగ్రాం మార్చు మరి."

"మార్చి, మిషన్‌కి ఎక్కించేసరికి అంతకన్నా ఆలస్యమవుతుంది." చిట్టి ఫోను దగ్గరికి పరిగెత్తి స్పీకరు పెట్టింది. "బావా, తలుపు పక్కన గోడకి సన్నటి స్టీలు కడ్డీ వేలాడుతోంది చూడు. గది వేడి కొలిచేది అదే. దాన్ని చొక్కాలోకి దోపి చంకలో పెట్టుకో."

"చంకలోనా? పిచ్చెక్కిందా నీకు? అది మంచుముక్కలా ఉంది."

"అక్క మీద ఒట్టు, పెట్టుకో!"

ఫోనులో ఒక పెద్ద అరుపు, దాని వెనకే రెండు తిట్లు. పెట్టుకున్నాడన్నమాట.

తెర మీద అంకె కదిలింది. 65,531. 65,532.

"పెరుగుతోంది!" మేనేజరు గొంతు చించుకున్నాడు. "తగ్గాల్సింది పోయి పెరుగుతోంది! తీసెయ్యమను! నేను మెయిన్ ఆపుతున్నా!"

"పెరగాలండీ! స్కూటర్ మీటరులా చివరిదాకా పెరిగితేనే సున్నాకి తిరుగుతుంది." చిట్టి వెళ్ళి స్విచ్చుకి అడ్డంగా నిలబడింది. "నామీద నమ్మకం లేకపోతే పోనీండి, మీటరు మీద ఉంచండి."

"ఇంత చేసింది నీ మీటరే కదమ్మా!"

చిట్టి పక్కకి మాత్రం జరగలేదు.

65,534. అక్కడే ఆగిపోయింది. ఫోనులో బావ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "మరదలా... చెయ్యి మొద్దుబారిపోయింది. జారిపోతోంది..."

"చెయ్యి గట్టిగా బిగించు బావా. గోడవైపు తిరిగి ముడుచుకుని కూర్చో, ఫ్యాను గాలి వీపుకి తగలనీ. నాతో మాట్లాడుతూ ఉండు. ఇంటికెళ్ళాక నన్నేమని తిడతావో ఇప్పుడే చెప్పు."

"నిన్నా... నీకు చదువు చెప్పించిన మీ నాన్నని... ఆయన్ని కన్న మీ తాతని..."

65,535.

అంకె మాయమైంది. తెర మీద సున్నా. తర్వాత ఒకటి. నాలుగు. ఎరుపు ఆరిపోయి, బయట షట్టర్ కిర్రుమంటూ పైకి లేచింది.

బావ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, చంకలో చర్మం కమిలిపోయింది. మేనేజరు తన కోటు విప్పి కప్పాడు. చిట్టి బావ చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూనే ఉంది. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఏడవకే. మీ తాత దగ్గరే ఆగాను కదా," అన్నాడు బావ వణుకుతూ.

కాసేపటికి మేనేజరు అడిగాడు. "ఆ ఒక్క లైను మార్చేస్తే సాయంత్రానికి గది నడుస్తుంది కదమ్మా?"

"నడవదండీ," అంది చిట్టి. "అలాంటి వాక్యాలు ఈ ప్రోగ్రాంలో నేనింకా చాలా రాశాను. ఒక్కోటీ ఈ గదికి నిజమో కాదో చూసేదాకా లోపలికి మనిషి వెళ్ళడు. మా ఆఫీసుకి నేనే చెబుతా. అక్కకీ నేనే చెబుతా."

లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టింది.

ఇదండీ సంగతి. మీ ఇంట్లోనో, మీ గ్రూపుల్లోనో ఇలాంటి ప్రోగ్రాములు రాసే పిల్లలుంటే ఈ కథ వాళ్ళకి ఒకసారి పంపండి. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే బావలుంటే వాళ్ళకి ముందు పంపండి.