ఆరు టిక్కులు కుడికి

పంపు స్టవ్వు మళ్ళీ గాలి నిలపలేదు. రుక్మిణమ్మ పంపు కడ్డీ బయటికి లాగి, చివరనున్న తోలు వాషరును వేలితో నొక్కి చూసింది. పెంకులా గట్టిపడిపోయింది. దాన్ని నూనెలో నానేసి, మెత్తబడ్డాక అంచులు విప్పారదీసి మళ్ళీ తొడగడం ఆమెకు నెలకోసారి ఉండే పనే. ఆ పొద్దు తేడా ఏమిటంటే, పెరట్లో ఆమె భర్త గంగాధరం, గాలి ఒత్తిడితో గుండు పేల్చే తన ఎయిర్ పిస్టలును తిడుతున్నాడు. ఆ తిట్లు వింటుంటే ఆమెకు దానిదీ తన స్టవ్వు జబ్బే అనిపించింది.

గంగాధరం పుంగనూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఎనభై మూడులో, కుప్పంలో స్థిరపడిన ఒక మిలటరీ ఆయన, చూపు తగ్గిపోయి, తన గురిపోటీల పిస్టలును గంగాధరం చేతికిచ్చాడు. అది ఇంటికి వచ్చిన వారానికే గుండు ముప్పై అడుగుల దూరంలోని అట్టకు తగిలి కింద పడడం మొదలుపెట్టింది. గంగాధరం దాంట్లో కుట్టుమిషను నూనె పోశాడు. ఠప్పుమని పేలింది, గొట్టంలోంచి నీలంగా పొగ వచ్చింది, గుండు గోడలోకి దిగబడింది. బాగైపోయిందని సంబరపడ్డాడు. నూనె కాలిపోగానే కథ మొదటికి వచ్చింది.

"దాని తోలు ఎండిపోయి ఉండాదేమో సూస్తారా?" అంది రుక్మిణమ్మ వంటింటి గడపలోంచి.

"ఏమ్మే, ఇది పొయ్యి గాదు. జర్మనీ మాలు. నీ స్టవ్వు సంగతి నువ్వు సూసుకో."

పంచలో చిక్కుడుకాయలు వలుస్తున్న అత్తగారు రెడ్డెమ్మ కిసుక్కున నవ్వింది. "దానికన్నీ తెలుసులే అబ్బోడా, అడుగు."

ఆయన బడికి వెళ్ళాక రుక్మిణమ్మ పిస్టలు తీసింది. గొట్టాన్ని కీలు దగ్గర వంచి గుండు పెట్టి మూసే చోట, ఆ అతుకు మీద, పల్చటి కాగితం ముక్క ఆనించి గోనెసంచిలోకి కాల్చింది. కాగితం ఎగిరిపోయింది. గాలంతా అక్కడే పోతోంది. అతుకులోని తోలు రింగు పిన్నీసుతో తీస్తే పొడిపొడిగా రాలింది. పోపుల డబ్బా వెనక దాచుకున్న స్టవ్వు కొత్త వాషరు పట్టుకుని బజారులో స్టవ్వులు బాగుచేసే జిలాన్ దగ్గరికి వెళ్ళింది.

"ఇంత చిన్న రింగు స్టవ్వులో యాడ పడతాదమ్మా?" అన్నాడు జిలాన్, కొలత చూసి.

"ఇది మా ఆయన స్టవ్వులే భాయ్. కోసియ్యి."

రింగు సరిపోయింది. ఆ సాయంత్రం గుండు అట్టను చీల్చుకుని పోయింది. స్టవ్వుకు మాత్రం, పాత వాషరు ఈసారి నూనెకూ మెత్తబడక, కొత్తది లేక, నాలుగు రోజులు రుక్మిణమ్మ ముసురులో తడికట్టెలు ఊదుకుంటూ వండింది. ఐదో రోజు ఇంటికి వచ్చిన తోటి మాస్టర్లకు టీ ఇస్తుంటే, "నేనే విప్పి బాగుచేసినా. చిన్న లీకు, అంతే," అంటున్నాడు గంగాధరం. ఆమెకు కోపం రాలేదు. టీలో చక్కెర సరిపోయిందా అనే అడిగింది. కోపం రాకపోవడం తలుచుకుని తర్వాత చాలా రోజులు ఆమె తనమీద తానే సిగ్గుపడింది.

అసలు తంటా ఆ తర్వాత వచ్చింది. గంగాధరం ఎన్ని కాల్చినా గుండ్లు అట్ట మీది నల్లచుక్కకు ఎడమగా, కిందుగా పోతున్నాయి. పిస్టలు వంకర అన్నాడు. గొట్టం వంగిందన్నాడు. కుప్పం ఆయన పాడైపోయిన వస్తువును అంటగట్టాడన్నాడు. ఆయన లేనప్పుడు రుక్మిణమ్మ రాగుల మూట మీద మణికట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి ఐదు కాల్చింది. ఐదూ నల్లచుక్క నడుమ ఒకేచోట పడ్డాయి, అణా అంత చిల్లి. మూట తీసేసి, చెయ్యి చాపి ఇంకో ఐదు కాల్చింది. కొంచెం చెదిరాయి గానీ చుక్క దాటలేదు. రోజూ రాగిసంగటి కెలికే చెయ్యి కదా, బరువుకు వణకలేదు.

మర్నాడు ఆయన కాలుస్తుంటే చెయ్యి వంక చూసింది. ట్రిగ్గరు నొక్కే ఆ చివరి క్షణంలో, ఏదో తరుముకొస్తున్నట్టు, మణికట్టు మొత్తం కిందికి గుంజుతున్నాడు.

"పిస్టలు బాగానే ఉండాది. మీరు నొక్కేటప్పుడు కొంచెం మెల్లగా..."

"నా చెయ్యి వణుకుతాందంటావా? యాల మొగుణ్ణి నలుగుర్లో పల్చన చేస్తావు?" నలుగురూ లేరు. రెడ్డెమ్మ ఒక్కతే ఉంది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు, ఆ కారణంగా ఆమె కూడా తినకూడదు.

కాబట్టి తెల్లారాక, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో పిస్టలు వెనక గురిగాడి మరలు, అంటే గురి చూసే గాడిని అటూ ఇటూ జరిపే మరలు, టిక్కు టిక్కుమని తిప్పింది. కుడికి ఆరు టిక్కులు. పైకి నాలుగు. వంకర చేతికి సరిపడే వంకర గురి. ఆ ఉదయం గుండ్లు నల్లచుక్కలో పడ్డాయి. "సూసినావా? నేను చెప్పలే, నా చెయ్యి సెట్టయ్యేదానికి టైము పడతాదని!" అని ఇల్లంతా తిరిగాడు. చెయ్యి మారినప్పుడల్లా ఒకటి అటూ ఒకటి ఇటూ తిప్పుతూ, మళ్ళీ ఆ ఆరు, నాలుగు దగ్గరికే తెస్తూ, ఆర్నెల్లు ఆమె ఆ పని చేసింది.

ఆ మరలు తిప్పుతూ తిప్పుతూనే ఆమెకు తన పన్నెండేళ్ళ కాపురం కనిపించింది. హెడ్మాస్టరుతో ఆయన గొడవపడి వస్తే, ఈమె ఆవకాయ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి హెడ్మాస్టరు భార్యతో మాట్లాడి వచ్చేది. తోడికోడళ్ళ ముందు ఆయన విసిరేసిన మాటను ఈమె నవ్వుతో వేళాకోళంగా మార్చేది. తల్లికి జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది ఈమె, ఉదయాన్నే "మా యమ్మను కళ్ళల్లో పెట్టుకుని సూసుకుంటా" అని చెప్పుకున్నది ఆయన. గుండు ఎటు పోయినా చుక్కలో పడేట్టు ఎవరో తిప్పి పెడుతున్నారని ఆయనకు తెలియదు. తెలియకుండా చేసింది తనే. ఈ సంగతి తట్టిన పూట ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది.

ఎనభై నాలుగు ఫిబ్రవరిలో, మదనపల్లెలో జిల్లా గురిపోటీలని తెలిసింది. ఆడవాళ్ళకు కూడా విడిగా ఉందట. గంగాధరమే చెప్పి నవ్వాడు. "యెవురు పోతారు?"

"నేను పోతాను," అంది రుక్మిణమ్మ. గొంతు తనదేనా అనిపించింది.

ఆయన ముద్ద నోటి దగ్గర ఆపాడు. "నీకేమన్నా పిచ్చా? పిస్టలు నా చేతికి సెట్టయి ఉండాది. నువ్వు ముట్టుకున్నావంటే సెట్టింగు చెడిపోతాది."

 ఆమె ఆయన విస్తట్లో ఇంకో గరిటె పులుసు వేసింది. పన్నెండేళ్ళలో ఎన్ని మాటలు దిగమింగిందో లెక్కలేదు గానీ, ఈ ఒక్క మాట మాత్రం దిగలేదు.

పోటీల రోజు పెరుగన్నం క్యారియరు మోసేదానికి ఆమె కూడా బస్సెక్కింది. మదనపల్లెలో ఒక కల్యాణమంటపంలో పోటీలు. ఆడవాళ్ళది ముందు, మగవాళ్ళది తర్వాత. పిస్టలు పెట్టె ఆమె ఒళ్ళో పెట్టి, "జాగ్రత్త, తెరవద్దు," అని చెప్పి గంగాధరం పాత స్నేహితులతో టీకి వెళ్ళాడు. ఆమె కాసేపు పెట్టె వంక చూసింది. తర్వాత లేచి పేర్లు రాసుకునే బల్ల దగ్గరికి వెళ్ళింది.

"పేరు?"

"రుక్మిణమ్మ. పుంగనూరు."

"పిస్టలుందా?"

"ఉండాది."

కొంగుముడి విప్పి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. ఎడమకు ఆరు, కిందికి నాలుగు, ఒక్కో టిక్కూ పైకే లెక్కపెట్టుకుంది.  పిస్టలు ఎత్తింది.

ఆరో గుండు కాల్చేటప్పటికి గుమ్మంలో గంగాధరం నిలబడి ఉన్నాడు. చూసింది, చూపు తిప్పుకుంది, మిగతా నాలుగూ కాల్చింది. వందకు ఎనభై ఆరు. ఆయన ఇంట్లో ఎన్నడూ ఎనభై మూడు దాటలేదు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆయన దగ్గరికి వచ్చి పిస్టలు లాక్కున్నాడు. వెనక గురిగాడి చూడగానే ముఖం పాలిపోయింది. "సెట్టింగు మార్చినావు గదే! ఇప్పుడు నేనెట్లా కొట్టేది?"

"నేను మార్చలేదండీ. ఆర్నెల్లుగా మీ చేతికోసమని తిప్పి పెడతాండింది తీసేసినా. పిస్టలు నేరుగానే ఉండాది, మొదట్నుంచీ."

ఆయనకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక చుట్టూ చూసి, గొంతు తగ్గించి, చాలా మెత్తగా అన్నాడు. "సరేలే. ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం. నా పేరు పిలస్తాండారు, బిన్నా, తొందరగా తిప్పు."

అంత మెత్తగా ఆయన ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఆమెకు జాలి వేసింది, అలవాటుగా చెయ్యి ముందుకు కూడా పోయింది. దాన్ని వెనక్కు తీసుకుని, స్క్రూడ్రైవరు మళ్ళీ కొంగున ముడివేసుకుంది.

"ఇంక తిప్పనండీ. మీ చెయ్యి యాడికి పోతాందో ఒక్కసారి మీరే సూసుకోండి."