కత్తెరమ్మ చెవులు

కత్తెరల బుట్టను ఒళ్ళో పెట్టుకుని, తడిమి తడిమి లెక్కపెట్టింది కత్తెరమ్మ. పన్నెండు ఉన్నాయి. చిన్నపిల్లల బడిలో ఆయా ఆవిడ. నాలుగేళ్ళ పిల్లలకు కత్తెర పట్టడం నేర్పడం పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పనే. అసలు పేరు హాజరుపట్టీకే తెలియాలి. అదీ ఒక పనేనా అనేవాళ్ళు నాలుగేళ్ళ చేతికి కత్తెర ఇచ్చి, పక్కన కూర్చుని చూడాలి.

"బొటనవేలు ఎటు చూడాలర్రా?"

"పైకీ!" అని పిల్లలంతా అరిచారు.

"కత్తెర మెల్లగా నమలాలి. గబుక్కున మింగకూడదు."

ఆరు నెలలుగా ఆవిడ కళ్ళ ముందు పొగ. ముందు కాగితం మీది గీతలు పోయాయి, తర్వాత పిల్లల వేళ్ళు. ఇంట్లో కూతురు "గోడ పట్టుకుని నడుస్తావేంటమ్మా?" అంటే నెపం మోకాళ్ళ నొప్పుల మీదికి నెట్టేసింది. బడిలో చెబితే పిల్లలు కత్తిరించే ఈ బల్ల దగ్గరికి రానివ్వరు. చెప్పకపోతే ఏదో ఒకరోజు ఏ పసివేలో... ఆపైన తలచుకోవడానికి గుండె చాలేది కాదు. అందుకే చెవులను నమ్ముకుంది. పలచటి కాగితం ఒకలా పలుకుతుంది, అట్ట ఇంకోలా. ఏ కత్తెర దారి తప్పినా ఇట్టే పట్టేసేది. ఇన్నాళ్ళూ గండం గడిచింది.

పిడుగు వచ్చి పక్కన కూర్చుంది. కుదురులేని ఆ పిల్లకు ఆవిడ పెట్టిన ముద్దుపేరది.

"గీత మీదే కోస్తున్నానా?"

"నువ్వే చెప్పు."

"నీకు కనిపించట్లేదా?"

"కళ్ళజోడు తేలేదే తల్లీ," అంది. ఆవిడకు కళ్ళజోడు ఎన్నడూ లేదు.

కర్, కర్, కర్. ఉన్నట్టుండి చప్పుడు మారింది. కత్తెర కదులుతోంది, కాగితం పలకడం లేదు. మెత్తటిదేదో తెగుతోంది. కత్తెరమ్మ చెయ్యి చాచింది. ఉత్త బల్ల తగిలింది.

"ఆపు! ఆపవే!"

ఆ గావుకేకకు పిడుగు ఏడుపు లంకించుకుంది. ఏడుపు వినబడ్డ వైపు వెతికి, ఆ చిన్న చేతులు దొరకబుచ్చుకుని ఒక్కొక్క వేలూ తడిమింది. ఐదు. ఇంకో ఐదు. తడి లేదు. తెగింది గౌను అంచు.

"ఏమైంది ఆయమ్మా?" పరుగున వచ్చింది టీచరు.

'గౌను తెగింది, అంతే' అనొచ్చు. ఇంకో నెల గడిచిపోతుంది. కానీ ఆ పది వేళ్ళూ ఇంకా కత్తెరమ్మ చేతుల్లోనే ఉన్నాయి.

"నాకు కళ్ళు కనబడట్లేదు టీచరమ్మా. ఆరు నెలలైంది. ఈ పిల్లల్ని నాకొదలకండి."

"వేరే పనేదైనా చూద్దాం, ఉండండి," అంది టీచరు.

"వద్దమ్మా. కత్తెర చప్పుడు వినబడే చోట నేనింక కూర్చోలేను."

పిడుగు కళ్ళు తుడుచుకుని, లేచిన ఆవిడ వేలు పట్టుకుని బయటికి నడిపించింది.

"మెట్టుంది కత్తెరమ్మా. మెల్లగా. ఇంకో మెట్టు."

ఆవిడ కూర్చున్న పీట పక్కన, నేల మీద, పిడుగు చిటికెనవేలంత గుడ్డముక్క పడి ఉంది.