టేపులకు పెట్టిన బొట్టు

ఆయుధపూజనాడు నాంపల్లి ఆఫీసు కంప్యూటరు గదిలో వసుమతి ఒక్కో టేపు రీలుకీ కుంకుమ బొట్టు పెడుతుంటే, తోటి ఆపరేటరు సుగుణమణి గుండెల్లో రాయి పడింది. టేపు మీద ఉండేవి కంటికి కనపడని అయస్కాంతపు గుర్తులు. వాటిని చదివే మిషనుకీ టేపుకీ మధ్య నలుసు దూరినా అందవు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది. కిరస్తానీ మనిషి పూజకి అడ్డుపడిందంటారని మింగేసి, కొబ్బరిముక్క కూడా అందుకుంది.

సెలవలయ్యాక పరీక్ష మార్కుల టేపు ఎక్కిస్తే మిషను సగంలో మొరాయించింది. తీసి చూస్తే టేపు పొడుగునా ఎర్రటి గీతలు. ఆఫీసరు లక్ష్మణరావుగారు వసుమతి మీద అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"సుగుణమణిగారూ, మీకు ఈ బొట్ల గొడవ లేదు. ఇకమీద టేపులన్నీ మీ దగ్గరే ఉండాలి," అంటూ బీరువా తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

వసుమతి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"తెలిసుంటే నువ్వైనా చెప్పేదానివి కదక్కా," అంది.